గేమ్ సేవ్‌లు, అకౌంట్లు, సబ్‌స్క్రిప్షన్లు: కన్సోల్ ఉన్న ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడల్లా చుట్టాల పిల్లలు, వాళ్ల నాన్నలు నన్ను అడిగేవే ఈ ప్రశ్నలన్నీ. చెప్పిందే చెప్పాల్సి వస్తోందని ఒకచోట రాసి పెట్టాను. ప్లేస్టేషన్ 4, 5 (పీఎస్4, పీఎస్5), ఎక్స్‌బాక్స్ వన్, ఎక్స్‌బాక్స్ సిరీస్, నింటెండో స్విచ్ ఉన్నవాళ్లకు పనికొస్తుంది. గేమ్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు, కన్సోల్ పాడైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు. నూట ఇరవై గంటలు ఆడి దాచుకున్న సేవ్‌ను మాత్రం ఏ షాపులోనూ అమ్మరు. అందుకే జవాబులన్నీ ముందు సేవ్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను, డబ్బు సంగతి ఆ తర్వాత.

నా సేవ్ ఎక్కడ ఉంటుంది? డిస్క్‌లోనే కదా?

కాదు. డిస్క్ మీద మన కన్సోల్ ఏమీ రాయలేదు, చదవడమే దాని పని. సేవ్ కన్సోల్ లోపలి స్టోరేజ్‌లో, మీరు ఏ యూజర్‌తో ఆడారో ఆ యూజర్ పేరు కింద ఉంటుంది. డిస్క్ స్నేహితుడికి ఇచ్చేసినా సేవ్ మీ దగ్గరే ఉంటుంది. అలాగే డిస్క్ తీసుకుని స్నేహితుడి ఇంటికి వెళ్తే సేవ్ మీతో రాదు.

ఈ అయోమయం పాత రోజుల నుంచి వచ్చింది. మొదటి ప్లేస్టేషన్‌లో సేవ్‌కు విడిగా మెమరీ కార్డు ఉండేది. 128 కిలోబైట్లు, అందులో 15 బ్లాకులు. పీఎస్2 కార్డు 8 మెగాబైట్లు. గంటకింత అని డబ్బు తీసుకునే గేమ్ పార్లర్లలో ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పార్లర్ కార్డు అందరిదీ కాబట్టి మనం నిన్న సేవ్ చేసింది ఇవాళ ఇంకొకరి సేవ్ కింద పోయేది. సొంత కార్డు జేబులో పెట్టుకుని వచ్చేవాడిని మిగతా పిల్లలం ప్రత్యేకంగా చూసేవాళ్లం. అప్పుడు సేవ్ చేతికి తగిలే వస్తువు. ఇప్పుడు కంటికి కనిపించదు కాబట్టి ఎక్కడుందో తెలుసుకుని పెట్టుకోవాలి.

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టాను. సేవ్‌లు అందులోకి వెళ్లాయా?

పీఎస్5లో వెళ్లలేదు. యూఎస్‌బీ డిస్క్‌లోకైనా, లోపల బిగించే ఎం.2 ఎస్‌ఎస్‌డీలోకైనా వెళ్లేది గేమ్ మాత్రమే. సేవ్ కన్సోల్ సొంత స్టోరేజ్‌లోనే ఉంటుంది. స్విచ్‌లోనూ అంతే. మైక్రోఎస్‌డీ కార్డులో గేమ్‌లు ఉంటాయి, సేవ్‌లు ఉండవు. స్విచ్ పోగొట్టుకున్నా కార్డు మన దగ్గరే ఉందిలే అని ధైర్యంగా ఉన్నవాళ్లను చూశాను. ఆ కార్డులో వాళ్ల ఆట ఒక్క నిమిషం కూడా లేదు.

స్టోరేజ్ నిండిపోయింది. గేమ్ డిలీట్ చేస్తే సేవ్ పోతుందా?

పోదు. మూడు కన్సోల్స్‌లోనూ గేమ్ వేరు, సేవ్ వేరు. ఆరు నెలల తర్వాత అదే గేమ్ మళ్లీ దించుకుంటే ఆపిన చోటి నుంచే మొదలవుతుంది.

సేవ్ పోయేది మూడు పనుల వల్ల. ఒకటి, సేవ్డ్ డేటా మెనూలోకి వెళ్లి దాన్నే డిలీట్ చేయడం. రెండు, కన్సోల్‌లోంచి యూజర్‌ను తీసేయడం. అలా తీస్తే ఆ యూజర్ సేవ్‌లు కూడా పోతాయి. మూడు, కన్సోల్ మొత్తాన్ని రీసెట్ చేయడం. ఎక్స్‌బాక్స్‌లో సేవ్ డిలీట్ చేయబోతే ఈ కన్సోల్ నుంచి మాత్రమే తీసేయాలా, అన్నిచోట్ల నుంచీ తీసేయాలా అని అడుగుతుంది. రెండోది నొక్కితే క్లౌడ్‌లోది, అంటే ఇంటర్నెట్‌లో కంపెనీ సర్వర్లలో దాచిన కాపీ కూడా పోతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి చదవండి.

పీఎస్5 సేవ్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చా?

అందరికంటే ఎక్కువగా బాధపెట్టే జవాబు ఇదే. పీఎస్5 గేమ్ అయితే కుదరదు. పీఎస్4లో హాయిగా పెన్‌డ్రైవ్ పెట్టి కాపీ చేసుకునేవాళ్లం. పీఎస్5లో కూడా పీఎస్4 గేమ్ సేవ్‌లను అలాగే కాపీ చేయవచ్చు. సెట్టింగ్స్‌లో సేవ్డ్ డేటా అండ్ గేమ్ సెట్టింగ్స్‌కు వెళ్తే పీఎస్4 సేవ్‌లకు, పీఎస్5 సేవ్‌లకు వేర్వేరు వరుసలు కనిపిస్తాయి. యూఎస్‌బీ మాట మొదటిదాంట్లోనే ఉంటుంది.

పీఎస్5 గేమ్ సేవ్‌కు దారులు మూడే. మొదటిది ప్లేస్టేషన్ ప్లస్ అనే చందా (అందరూ ప్లస్ అంటారు) తీసుకుని క్లౌడ్‌లో పెట్టుకోవడం. పీఎస్5 గేమ్‌లకు 100 జీబీ, పీఎస్4 గేమ్‌లకు ఇంకో 100 జీబీ ఇస్తారు. సేవ్‌లు ఎక్కువగా మెగాబైట్లలో ఉంటాయి కాబట్టి మామూలు ఇంటికి అది చాలా ఎక్కువ. రెండోది, కొత్త పీఎస్5 కొన్నప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి డేటా మార్చుకోవడం. మూడోది, బ్యాకప్ అండ్ రీస్టోర్ అనే మెనూతో కన్సోల్ మొత్తాన్ని ఒక యూఎస్‌బీ డిస్క్‌లోకి బ్యాకప్ తీయడం. డబ్బు కట్టకుండా సేవ్‌ను బయట దాచుకునే మార్గం ఇది. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫ్యాట్32 గానీ ఫార్మాట్‌లో ఉండాలి. ఒక్క చిక్కు ఉంది, తిరిగి రీస్టోర్ చేసేటప్పుడు కన్సోల్‌లో అప్పటికి ఉన్నదంతా చెరిగిపోతుంది. ఒక్క గేమ్ సేవ్ కావాలని అందులోంచి విడిగా తీసుకోలేం. ట్రోఫీలు, అంటే ఆటలో సాధించినవాటికి వచ్చే గుర్తులు, ఈ బ్యాకప్‌లోకి రావు కాబట్టి వాటిని ముందే ఆన్‌లైన్‌లో సింక్ చేసుకోండి.

మనం ఆడిన ఆటను మన పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడానికి వీల్లేకుండా చేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. పీఎస్4లో ఉన్న సౌకర్యం పీఎస్5లో ఎందుకు ఉండకూడదో నాకు కనిపించే కారణం ఏదీ లేదు.

ఎక్స్‌బాక్స్‌లో సేవ్‌కు సబ్‌స్క్రిప్షన్ కట్టాలా?

అక్కర్లేదు. ఎక్స్‌బాక్స్ వన్ నుంచి క్లౌడ్ సేవ్ అందరికీ ఉచితం. ఇంటర్నెట్ ఉంటే తనంతట తనే పైకి వెళ్తుంది. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే వీలు ఇక్కడా లేదు గానీ క్లౌడ్ ఉచితం కాబట్టి ఆ లోటు అంతగా తెలియదు. ఈ ఒక్క విషయంలో మూడింటిలో ఎక్స్‌బాక్స్ పద్ధతే మంచిదని నా అభిప్రాయం. చేయాల్సిందల్లా ఒకటే. ఆట అయ్యాక గేమ్‌ను పూర్తిగా మూసేసి, ఇంటర్నెట్ ఆన్‌లో ఉండగా ఒక నిమిషం వదిలేయండి. ఆట నడుస్తుండగానే వైర్ పీకేస్తే ఆ రోజు సేవ్ పైకి వెళ్లి ఉండకపోవచ్చు.

స్విచ్‌లో?

నింటెండో స్విచ్ ఆన్‌లైన్ కడితే క్లౌడ్ సేవ్ ఉంటుంది, కానీ అన్ని గేమ్‌లకూ లేదు. స్ప్లాటూన్ 2, పోకెమాన్ స్వోర్డ్, షీల్డ్ లాంటివి క్లౌడ్‌కు వెళ్లవు. యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌కు మామూలు క్లౌడ్ కాకుండా దీవిని బ్యాకప్ చేసే విడి ఏర్పాటు ఉంది, దాన్ని ముందే ఆన్ చేసి ఉంచాలి. పిల్లలు ఎక్కువగా ఆడే గేమ్‌కు క్లౌడ్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి. రెండు స్విచ్‌లు పక్కపక్కన ఉంటే సేవ్‌ను ఒకదాన్నుంచి ఇంకోదానికి డబ్బు కట్టకుండానే మార్చుకోవచ్చు. అలా మార్చాక పాతదాంట్లో ఉండదు, కొత్తదాంట్లోకి వెళ్లిపోతుంది.

క్లౌడ్‌లో ఒక సేవ్, కన్సోల్‌లో ఇంకో సేవ్ ఉన్నాయి, ఏది కావాలి అని అడుగుతోంది. ఏది నొక్కాలి?

కంగారుగా నొక్కి పోగొట్టుకునేది ఇక్కడే. ఈ ప్రశ్న ఎందుకు వస్తుందో ముందు చెప్తాను. మీరు ఇంట్లో నెట్ లేనప్పుడు ఆడారనుకోండి, లేదా రెండు కన్సోల్స్‌లో ఒకే అకౌంట్‌తో ఆడారనుకోండి. అప్పుడు రెండు చోట్లా వేర్వేరు సేవ్‌లు తయారవుతాయి. వాటిని కలిపేయడం కన్సోల్‌కు తెలియదు. మీరు ఒకటి ఎంచుకుంటే రెండోదాని మీద అది రాసేస్తుంది.

అక్కడ రెండింటికీ తేదీ, సమయం చూపిస్తుంది. చాలామంది కొత్త తేదీ ఉన్నదే మంచిదని నొక్కేస్తారు. ఎప్పుడూ అలా కాదు. చిన్నపిల్లాడు నిన్న సాయంత్రం పొరపాటున కొత్త గేమ్ మొదలుపెట్టి పది నిమిషాలు ఆడి ఉంటే, కొత్త తేదీ ఆ పది నిమిషాలదే. మీ ఎనభై గంటలు పాత తేదీలో ఉన్నాయి. ఇంట్లో ఎవరెవరు ఎప్పుడు ఆడారో అడగండి. తెలియకపోతే ఏదీ నొక్కకుండా వెనక్కి వచ్చేయండి. పీఎస్4 గేమ్ అయితే కన్సోల్‌లో ఉన్నదాన్ని ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ తర్వాత క్లౌడ్‌లోది దించుకుని చూడండి. అప్పుడు రెండూ మీ దగ్గరే ఉంటాయి.

ఇంకో మాట. గేమ్‌లోనే మూడు నాలుగు స్లాట్‌లు ఇస్తే వాటిని వాడండి. ఒకే స్లాట్ మీద మళ్లీ మళ్లీ రాయడం కంటే రెండు మూడింట్లో మార్చి మార్చి సేవ్ చేసుకుంటే, ఒకటి చెడిపోయినా ఇంకోటి మిగులుతుంది.

సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. ఇప్పుడు సేవ్ కరప్ట్ అని వస్తోంది.

ఎండాకాలంలో ఎక్కువగా వినిపించే బాధ. ఫైల్ సగం రాసేటప్పుడు కరెంటు పోతే ఆ ఫైల్ అర్థం కాకుండా పోతుంది. దాన్ని డిలీట్ చేయకముందే క్లౌడ్‌లో పాతది ఉందేమో చూడండి. పీఎస్5లో ప్లస్ ఉంటే ఆటో సింక్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. చెడిపోయిన సేవ్ తనంతట తనే బాగవ్వదు. బాగుచేసి ఇస్తామని డబ్బు అడిగేవాళ్లను, ముఖ్యంగా మీ పాస్‌వర్డ్ అడిగేవాళ్లను నమ్మవద్దు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోగానే అది అందుకునే ఆ చిన్న వ్యవధిలో కొన్నిసార్లు కన్సోల్ ఆగిపోతుంది. కంప్యూటర్లకు వాడే యూపీఎస్ ఒకటి టీవీ కింద పెట్టుకుంటే ఆ బెడద తగ్గుతుంది. కరెంటు ఎక్కువగా పోయే ఊళ్లో రెస్ట్ మోడ్‌లో వదిలేయకుండా పూర్తిగా ఆఫ్ చేయడమే మేలు.

రిపేరుకు ఇస్తున్నాను. ఏం జాగ్రత్త పడాలి?

మా తమ్ముడి పీఎస్4 ఒకసారి ఫ్యాన్ గోల చేస్తుంటే మా టౌన్‌లోనే ఒక షాపులో ఇచ్చాం. ఫ్యాన్ బాగైంది. కానీ కన్సోల్ ఆన్ చేస్తే భాష ఎంచుకోమని అడిగింది, కొత్తగా కొన్న రోజు అడిగినట్టు. వాళ్లు అలవాటుగా ఇనిషియలైజ్ చేసేశారు. తమ్ముడు ఇంటర్ నుంచి బీటెక్ రెండో ఏడు దాకా ఆడినదంతా పోయింది. క్రికెట్ కెరీర్, ఫుట్‌బాల్ కెరీర్, ఒక పెద్ద కథ గేమ్‌లో తొంభై శాతం. ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఇరవై నిమిషాల్లో కాపీ చేసుకోగలిగేవాళ్లం, ఆ సంగతి నాకు తెలుసు కూడా. వాడు ఆ తర్వాత ఆ కథ గేమ్ మళ్లీ తెరవలేదు. నేను ఈ పేజీ రాయడానికి సగం కారణం అదే.

కాబట్టి ఫ్యాన్ శుభ్రం చేయించడానికైనా సరే, గడప దాటే ముందు సేవ్‌లన్నీ బయటికి తీయండి. షాపువాళ్లకు నోటితో చెప్పడమే కాకుండా, రీసెట్ చేయవద్దు అని కాగితం మీద రాసి కన్సోల్‌కు అతికించండి. పీఎస్4 హార్డ్ డిస్క్ పాడైందని చెప్తే పాత డిస్క్ తిరిగి ఇవ్వమని అడగండి.

ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ఒకే అకౌంట్ చాలదా?

చాలదు, ముగ్గురికీ విడిగా పెట్టండి. ఒకే అకౌంట్‌తో ఆడితే అన్న సేవ్ మీద చెల్లి సేవ్ పడుతుంది. ఉచితమే కదా, మూడు నిమిషాల పని. పైగా ఇద్దరూ రేపు పెద్దయి వేర్వేరు ఊళ్లలో ఉద్యోగాలకు వెళ్తే ఎవరి ఆట వాళ్లతో వెళ్తుంది.

అకౌంట్ ఎవరి ఈమెయిల్‌తో చేస్తున్నారో ముఖ్యం. కన్సోల్ అమ్మిన షాపు కుర్రాడు తన ఈమెయిల్‌తో చేసి ఇచ్చిన అకౌంట్ మీది కాదు, అతనిది. అందులో మీరు ఎంత డబ్బు పెట్టినా, ఆ ఈమెయిల్ ఎవరి చేతిలో ఉంటే అకౌంట్ వాళ్లదే. ఇప్పటికీ అలాంటి అకౌంట్ వాడుతున్నవాళ్లు వెంటనే సైన్ ఇన్ ఈమెయిల్‌ను మీ సొంతదానికి మార్చుకోండి.

గేమ్ సగం ధరకే అని ప్రైమరీ, సెకండరీ అకౌంట్లు అమ్ముతున్నారు. కొనవచ్చా?

వద్దు. వాళ్లు మీకు అమ్మేది గేమ్ కాదు, ఇంకొకరి అకౌంట్‌లోకి తాత్కాలిక ప్రవేశం. ఆ అకౌంట్‌ను నలుగురికి అమ్ముతారు. అసలు ఓనర్ పాస్‌వర్డ్ మార్చినా, మీ కన్సోల్‌ను డీయాక్టివేట్ చేసినా గేమ్‌కు తాళం పడుతుంది. పోనీ కంపెనీకి ఫిర్యాదు చేద్దామంటే, అకౌంట్లు అమ్మడం కొనడం వాళ్ల నిబంధనలకే విరుద్ధం. కాలేజీ పిల్లలు పాకెట్ మనీ దాచుకుని ఇందులో పెట్టడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఆ డబ్బుకు సెకండ్ హ్యాండ్ డిస్క్ కొనుక్కోండి. ఆడుకుని మళ్లీ అమ్ముకోవచ్చు.

అలాగైతే అన్నదమ్ములం గేమ్‌లు పంచుకునే సరైన పద్ధతే లేదా?

ఉంది, కంపెనీలే ఇచ్చాయి. పీఎస్5లో దాన్ని కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అంటారు, పీఎస్4లో ప్రైమరీగా యాక్టివేట్ చేయడం, ఎక్స్‌బాక్స్‌లో హోమ్ ఎక్స్‌బాక్స్. మీ అకౌంట్‌కు ఒక కన్సోల్‌ను అలా పెట్టుకుంటే, ఆ కన్సోల్‌లో ఎవరు సైన్ ఇన్ అయినా మీరు కొన్న గేమ్‌లు వాళ్ల సొంత యూజర్‌తో ఆడుకోవచ్చు. మీ ప్లస్‌తో వాళ్లు ఆన్‌లైన్‌లో కూడా ఆడవచ్చు. కానీ క్లౌడ్ సేవ్ మాత్రం డబ్బు కట్టిన అకౌంట్‌కే. తమ్ముడి సేవ్‌లు మీ ప్లస్‌తో పైకి వెళ్లవు. ఇది తెలియక, ఇంట్లో ప్లస్ ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు.

ఎక్స్‌బాక్స్‌లో హోమ్ ఎక్స్‌బాక్స్‌ను ఏడాదికి 5 సార్లు మార్చుకోవచ్చు. ప్లేస్టేషన్‌లో చేతిలో లేని కన్సోల్స్ అన్నిటినీ వెబ్‌సైట్ నుంచి ఒకేసారి డీయాక్టివేట్ చేసే అవకాశం ఆరు నెలలకు ఒక్కసారే. స్విచ్‌లో ఫ్యామిలీ మెంబర్‌షిప్ తీసుకుంటే 8 అకౌంట్ల దాకా కలుపుకోవచ్చు, అప్పుడు ఎవరి సేవ్‌లు వాళ్ల క్లౌడ్‌లోకి వెళ్తాయి.

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తున్నాను. అకౌంట్ దేశం మార్చుకోవచ్చా?

ప్లేస్టేషన్‌లో అకౌంట్ చేసే రోజు ఎంచుకున్న దేశమే ఉంటుంది. ఇండియా అకౌంట్‌తో అమెరికాలో కూడా ఆడవచ్చు, ఆన్‌లైన్ అంతా పనిచేస్తుంది. కొనడం దగ్గరే చిక్కు. స్టోర్ రూపాయల్లోనే ఉంటుంది, అమెరికా గిఫ్ట్ కార్డు అందులో పడదు. చాలామంది అక్కడికి వెళ్లాక రెండో అకౌంట్ చేసుకుంటారు. అలా చేస్తే పాత సేవ్‌లు, ట్రోఫీలు పాత అకౌంట్‌లోనే ఉండిపోతాయి. పాత అకౌంట్‌ను కూడా కన్సోల్‌లో ఉంచుకోండి, తీసేయవద్దు. ఎక్స్‌బాక్స్‌లో మూడు నెలలకోసారి దేశం మార్చుకోవచ్చు. నింటెండోలో కూడా మార్చుకోవచ్చు, అయితే స్టోర్‌లో మిగిలిన బ్యాలెన్స్ ముందు ఖర్చు చేసేయండి.

విమానం ఎక్కే ముందు చేయాల్సిన అసలు పని ఇంకోటి ఉంది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఇండియా నంబర్‌కు ఎస్‌ఎమ్‌ఎస్‌గా వస్తుంటే దాన్ని ఆథెంటికేటర్ యాప్‌కు మార్చండి. అక్కడికి వెళ్లి కొత్త సిమ్ వేసుకున్నాక, పాత నంబర్ రీచార్జ్ లేక ఆగిపోతే కోడ్ రాదు. బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు కదా, వాటిని కాగితం మీద రాసి పాస్‌పోర్ట్ ఫైల్‌లో పెట్టండి. ప్లేస్టేషన్‌లో 2024 నుంచి పాస్‌కీ కూడా ఉంది. అప్పుడు పాస్‌వర్డ్‌తోనే పని ఉండదు, ఫోన్ వేలిముద్రతో సరిపోతుంది.

అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన డిస్క్ ఇక్కడ ఆడుతుందా?

ఆడుతుంది. కానీ ప్లేస్టేషన్ డిస్క్‌కు ఇండియా స్టోర్‌లో కొన్న అదనపు కంటెంట్ అతకకపోవచ్చు. డిస్క్ ఏ ప్రాంతానిదో కంటెంట్ కూడా ఆ ప్రాంతానిదే కావాలి. అలాగే ఆ డిస్క్‌తో చేసిన సేవ్, తర్వాత ఇండియా స్టోర్‌లో అదే గేమ్ డిజిటల్‌గా కొంటే కనిపించకపోవచ్చు. కథ పూర్తయ్యేదాకా ఒకే కాపీతో ఆడండి.

ప్లస్ గానీ, ఎక్స్‌బాక్స్ చందా అయిన గేమ్ పాస్ గానీ తప్పకుండా కట్టాలా?

ఒక్కరే కథ గేమ్‌లు ఆడుకునేవాళ్లు కట్టక్కర్లేదు. ఫోర్ట్‌నైట్ లాంటి ఉచిత గేమ్‌లను ఆన్‌లైన్‌లో ఆడటానికి కూడా అక్కర్లేదు. ఎక్స్‌బాక్స్‌లో 2021 ఏప్రిల్ దాకా వీటికి కూడా కట్టాల్సి వచ్చేది, ఆ తర్వాత తీసేశారు. కొన్న గేమ్‌లలో ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడాలంటే మాత్రం కట్టాలి.

ప్లస్‌లో మన దగ్గర ఎసెన్షియల్, ఎక్స్‌ట్రా, డీలక్స్ అని మూడు మెట్లు ఉన్నాయి. అమెరికాలో ప్రీమియం అనే దాని స్థానంలో మనకు డీలక్స్ ఉంది. ఆన్‌లైన్ ఆట, క్లౌడ్ సేవ్ మొదటి మెట్టులోనే వచ్చేస్తాయి. సేవ్ కోసమే కడుతున్నవాళ్లు పైకి వెళ్లనక్కర్లేదు. నెలకు రెండు మూడు గేమ్‌లు మార్చి మార్చి ఆడేవాళ్లకు ఎక్స్‌ట్రా గిట్టుబాటు అవుతుంది. ఏడాదంతా ఒకే ఫుట్‌బాల్ గేమ్ ఆడేవాడికి అది దండగ.

ఎక్స్‌బాక్స్‌లో పేర్లు తరచూ మారుతున్నాయి. లైవ్ గోల్డ్ 2023 సెప్టెంబరులో గేమ్ పాస్ కోర్ అయింది, 2025 అక్టోబరులో అది ఎసెన్షియల్‌గా మారింది. దాని పైన ప్రీమియం, అల్టిమేట్. అదే రోజు అమెరికాలో అల్టిమేట్ నెలకు 19.99 డాలర్ల నుంచి 29.99 డాలర్లకు పెరిగింది. పాత ధర గుర్తు పెట్టుకుని ఆటో రెన్యువల్ మీద వదిలేసినవాళ్లు ఒకసారి చూసుకోండి.

ఆటో రెన్యువల్ పెట్టినా ప్లస్ ఆగిపోయింది. ఎందుకు?

మన దేశంలో 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ ఈ-మాండేట్ నిబంధన అమల్లో ఉంది. కార్డు నుంచి ప్రతి నెలా తనంతట తనే డబ్బు పోవాలంటే మొదట ఓటీపీతో మాండేట్ నమోదు కావాలి. డబ్బు తీసుకునే 24 గంటల ముందు బ్యాంకు మీకు తెలియజేయాలి. మొదట 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాల్సి వచ్చేది, 2022 జూన్‌లో ఆ పరిమితిని 15,000కు పెంచారు. మాండేట్ సరిగా నమోదు కాకపోతే రెన్యువల్ నిశ్శబ్దంగా ఆగిపోతుంది. అందుకే నేను ఆటో రెన్యువల్ తీసేసి, ఏడాదికోసారి రూపాయల గిఫ్ట్ కార్డుతో కట్టుకుంటాను. ఫోన్‌లో వారం ముందు గుర్తుచేసేలా పెట్టుకుంటే చాలు.

గిఫ్ట్ కార్డు తెలిసిన చోటే కొనండి. మరీ చవకగా అమ్మే కోడ్‌లు దొంగ కార్డులతో కొన్నవి అయితే మీ అకౌంట్‌కే ముప్పు.

సబ్‌స్క్రిప్షన్ అయిపోతే క్లౌడ్‌లో సేవ్‌లు వెంటనే పోతాయా?

వెంటనే పోవు, కానీ దించుకోలేరు. నింటెండోలో 180 రోజుల దాకా ఉంచుతారు, ఆలోపు మళ్లీ కడితే దొరుకుతాయి. కన్సోల్‌లో ఉన్న సేవ్‌కు ఏమీ కాదు. గడువు ముగిసే ముందు రోజు క్లౌడ్‌లో మాత్రమే ఉన్నవన్నీ కన్సోల్‌లోకి దించుకోండి.

ప్లస్‌లో నెలనెలా ఇచ్చే గేమ్‌లు మీ లైబ్రరీలో ఉంటాయి గానీ తాళం పడుతుంది. మళ్లీ కట్టిన రోజు తాళం తీస్తుంది. ఎక్స్‌ట్రా జాబితాలోని గేమ్ జాబితా నుంచి వెళ్లిపోతే, సబ్‌స్క్రిప్షన్ ఉన్నా ఆడలేరు. సేవ్ మాత్రం ఉంటుంది. ఆ గేమ్ కొనుక్కుంటే అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

పిల్లాడు నా కార్డుతో గేమ్‌లో కాయిన్స్ కొనేశాడు. డబ్బు తిరిగి వస్తుందా?

ప్లేస్టేషన్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఇంకా డౌన్‌లోడ్ చేయడం గానీ వాడటం గానీ మొదలుపెట్టకపోతే అడగవచ్చు. ఎక్స్‌బాక్స్‌లో కూడా 14 రోజులే, ఎక్కువసేపు ఆడి ఉండకూడదు. నింటెండోలో మామూలుగా రీఫండ్ ఉండదు. కాయిన్స్ అప్పుడే ఖర్చయిపోయి ఉంటే కష్టమే, అయినా సపోర్ట్‌కు ఉన్నది ఉన్నట్టు రాసి చూడండి.

కోపంలో నేరుగా బ్యాంకుకు ఫోన్ చేసి ఆ లావాదేవీ నాది కాదని మాత్రం చెప్పకండి. బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటే ప్లేస్టేషన్ అకౌంట్‌నే నిలిపేస్తారు. అప్పుడు అందులో కొన్నవన్నీ ఆగిపోతాయి. పిల్లాణ్ని తిట్టడం కంటే, వాడికి చైల్డ్ అకౌంట్ చేసి నెల ఖర్చు పరిమితిని సున్నా పెట్టండి. మీ అకౌంట్‌లో కొనేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా మార్చండి.

ఆన్‌లైన్ గేమ్‌లపై చట్టం వచ్చిందట. ప్లస్ కూడా ఆగిపోతుందా?

ఆగదు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను. తెలంగాణలో 2017లోనూ ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనూ ఆన్‌లైన్ పందేల మీద వచ్చిన నిషేధాలూ అలాంటి వాటి మీదే. గేమ్ ఆడటానికి నెల చందా కట్టడం వేరే సంగతి.

సర్వర్లు ఆగిపోతే నా గేమ్‌లు ఆడలేనా?

మీ కన్సోల్‌ను ప్రైమరీగా లేదా హోమ్‌గా పెట్టుకుని ఉంటే, ఆన్‌లైన్ అవసరం లేని డిజిటల్ గేమ్‌లు ఆడవచ్చు. డిస్క్ గేమ్‌లు కూడా. చొరబాటు జరగడంతో 2011 ఏప్రిల్ 20న ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌ను ఆపేశారు, మూడు వారాలకు పైగా అది పనిచేయలేదు, 7 కోట్ల 70 లక్షల అకౌంట్ల వివరాలు బయటపడ్డాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఒక రోజు ఆగింది, తర్వాత ప్లస్ ఉన్నవాళ్లకు 5 రోజులు అదనంగా ఇచ్చారు. ఆ సెట్టింగ్ ముందే పెట్టుకోవాలి. సర్వర్లు పడిపోయాక పెట్టుకోలేరు.

కన్సోల్ అమ్మేస్తున్నాను.

ముందు సేవ్‌లు బయటికి. తర్వాత కన్సోల్ షేరింగ్ తీసేయండి, లేదా పీఎస్4 అయితే డీయాక్టివేట్ చేయండి. ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. ఈ వరుస తప్పకండి. కొనేవాళ్లు కూడా డబ్బు ఇచ్చే ముందు తమ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, ఆన్‌లైన్‌లోకి వెళ్తుందో లేదో చూసుకోవాలి. కంపెనీ ఆన్‌లైన్‌లోకి రాకుండా నిషేధించిన కన్సోల్ బయటికి చూస్తే మామూలుగానే ఉంటుంది.

పాత కన్సోల్ అటక మీద ఉంది. అందులో కొన్న డిజిటల్ గేమ్‌లు?

నింటెండో పాత కన్సోల్స్ వీ యూ, 3డీఎస్‌ల స్టోర్ 2023 మార్చి 27న, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలై 29న మూతపడ్డాయి. కొత్తగా కొనలేరు. దించుకోగలిగినవి ఉంటే వాయిదా వేయకుండా ఇప్పుడే దించుకోండి.

మా అన్నయ్య చనిపోయాడు. అతని గేమ్‌లు, సేవ్‌లు అలాగే ఉంచుకోవాలని ఉంది.

ఈ ప్రశ్న ఒక్కసారే వచ్చింది, కానీ ఇది ఇక్కడ ఉండాలి. ముందుగా, కన్సోల్‌లోంచి అతని యూజర్‌ను తీసేయకండి. ఎవరైనా రీసెట్ చేయమని సలహా ఇచ్చినా వినవద్దు. పీఎస్4 అయితే సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అవి అతని అకౌంట్‌తోనే తెరుచుకుంటాయి కాబట్టి అకౌంట్ కూడా ఉండాలి. పీఎస్5 అయితే కన్సోల్ మొత్తాన్ని ఒక డిస్క్‌లోకి బ్యాకప్ తీసి, దాని మీద పేరు రాసి విడిగా పెట్టండి. ఆ కన్సోల్ అతని అకౌంట్‌కు ప్రైమరీగా ఉంటే, అతను కొన్న గేమ్‌లు మీ యూజర్‌తో కూడా నడుస్తాయి. అకౌంట్‌ను ఇంకొకరి పేరు మీదకు మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆటో రెన్యువల్ ఉంటే ఆపండి.

ఎక్స్‌బాక్స్ అయితే సేవ్‌లు క్లౌడ్‌లో ఉంటాయి, అయితే రెండేళ్లు ఎవరూ సైన్ ఇన్ కాని మైక్రోసాఫ్ట్ అకౌంట్ మూతపడవచ్చు. స్విచ్ అయితే దాన్ని ఛార్జ్ లేకుండా ఏళ్ల తరబడి వదలకండి, ఆరు నెలలకోసారైనా ఛార్జ్ పెట్టండి. అతను చివరిగా ఆపిన చోట ఉన్న సేవ్‌ను తెరిచి చూడాలనిపిస్తే, ఆటో సేవ్ దాని మీద రాసేస్తుంది. ముందు ఒక కాపీ తీసుకోండి, ఆ తర్వాతే తెరవండి.